తొలి కాన్పు తల్లిగారిదే

ఆరు నెలలు ఉండి వస్తానని అందరికీ చెప్పి వెళ్లిన మనిషి వారం తిరక్కుండానే వాపసు వచ్చి నట్టింట్లో కూర్చుంటే ఊళ్లో ఏమని చెప్పుకోవాలి? ఇంద్రేశంలో యాదగిరి ఇంటి ముందు కారు ఆగగానే చుట్టుపక్కల గడపల్లో ఆడవాళ్లు నిలబడిపోయారు. కూతురి కాన్పు చేయడానికి ఆస్ట్రేలియా వెళ్లిన నర్సింహమ్మ నెత్తి మీద కొంగు కప్పుకుని, ఎవరి మొహమూ చూడకుండా కారు దిగి, చెప్పులు ఎక్కడ విడిచిందో కూడా తెలియకుండా నడిమింట్లోకి వెళ్లి గోడకు ఆనుకుని కూలబడింది. వెళ్లేనాడు కట్టుకున్న చీరే ఇంకా ఒంటి మీద ఉంది.

"ఏమైందన్నా? అక్క గప్పుడే వాపసొచ్చింది?" అని ఎదురింటామె యాదగిరిని అడిగింది.

"పానం మంచిగ లేకుండె. అందుకే వచ్చింది" అన్నాడు ఆయన, పెట్టె దించుకుంటూ. బొల్లారం మందుల కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేసినా మేస్త్రీ దగ్గర కూడా ఒక్క అబద్ధం ఆడని మనిషి! ఆ మాట ఎవరూ నమ్మలేదు. నమ్మలేదని ఆయనకూ తెలుసు.

లోపలికొచ్చి కంచంలో అన్నం కలిపి భార్య ముందు పెట్టాడు. "జెర ఇన్ని మెతుకులు తిను."

"నా బిడ్డ తలుపు అవతల నిలబడ్డదయ్యా..." నర్సింహమ్మ కంచం పక్కకు జరిపింది. "గంత కడుపేసుకుని నా కోసం నిలబడ్డది. నేను ఇవతల... నడుమ ఒక్క గోడ. దాని మొకం గూడ చూడనియ్యలే. ఎట్ల పోయిన్నో గట్లనే పంపిన్రు."

"వాళ్లను అనుకుని ఏం లాభం?" అన్నాడు యాదగిరి నెమ్మదిగా. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే ఆమెకు కొంత బరువు దిగేదేమో. ఆయన అనకపోవడమే ఆమెను ఎక్కువ కోసింది.

అసలు జరిగిందేమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. హర్షిణి వాళ్లకు ఒక్కగానొక్క కూతురు. ముత్తంగికి చెందిన సందీప్‌తో పెళ్లి చేశారు. లారీల ఇంజన్లు విప్పి బిగించడంలో చేయి తిరిగినవాడు. ఆ పని మీదే మెల్‌బోర్న్‌లో ఉద్యోగం దొరికింది. పెళ్లైన నెలకే భార్యను తీసుకుని వెళ్లిపోయాడు. ఆ హడావిడిలో కూతురికి ఒడిబియ్యం పోయనేలేదు. పెళ్లైన ఆడపిల్లకు తల్లిగారింటి వాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకవక్కలు, పసుపు కొమ్ములు ఒళ్లో పోసి పంపించడం మన దగ్గర ఎంత ముఖ్యమో మీకు నేను చెప్పాలా? పోయించుకోని ఆడపిల్లకు ఒళ్లు నిండదని నర్సింహమ్మ మనసులో గట్టిగా ఉండిపోయింది. మరుసటి ఏడు హర్షిణికి నిలిచిన కడుపు నిలిచినట్టే పోయింది. సందీప్ పనిలో ఉన్నాడు, ఇంట్లో రెండో మనిషి లేదు. నెత్తురు కారుతుంటే బాత్రూంలో నేల మీద పడి ఉన్న ఆ పిల్ల ఎవరిని పిలవాలో తెలియక ఒక్కతే ఏడ్చిందట. ఆ సంగతి విన్న రోజు నుంచి తల్లికి ఒకటే దిగులు. ఒడిబియ్యం పోయనందుకే అట్ల అయిందని తనలో తాను నిశ్చయం చేసుకుంది. ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని భయం.

మళ్లీ కడుపుతో ఉందని తెలిశాక, ఈసారి భార్యను ఒంటరిగా వదలకూడదని సందీప్ తన తల్లికీ, అత్తకూ ఇద్దరికీ వీసాలు తెప్పించాడు. రావడం వరకే సులువు, లోపల అడుగు పెట్టడానికి ఆ దేశానికి పెద్ద కట్టుబాట్లున్నాయని ఫోన్లో పదే పదే చెప్పాడు. "అత్తమ్మా, గింజ గానీ, ఆకు గానీ, పాలు, నెయ్యి, తేనె ఏదన్న గానీ, తెస్తే తెచ్చినమని కాగితం మీద చెప్పాలె. చెప్తే ఏం గాదు, వద్దనుకుంటే తీసుకుని పడేస్తరు. దాచిపెట్టినవనుకో, వీసా గూడ గుంజుకుని వాపసు పంపిస్తరు. వాళ్ల పంటలకు మన దిక్కు పురుగు అంటుతదని వాళ్ల భయం." హర్షిణి అయితే ప్రతి ఫోన్లోనూ ఇదే పాట. "అమ్మా, నాకేం తేకు. ఉత్త చేతుల్తోని రా. నువ్వొస్తే సాలు."

బయల్దేరే ముందు యాదగిరి పెట్టె మొత్తం కింద కుమ్మరించి, మామిడికాయ తొక్కు, సకినాలు, బాలింత కోసం దంచిన శొంఠిపొడి, అన్నీ తీసి పక్కన పెట్టేశాడు. నర్సింహమ్మ నోరెత్తలేదు. ఎల్లిపాయ రెబ్బ దగ్గర కూడా పట్టు విడవని మనిషి అంత బుద్ధిగా ఊరుకుంటే ఆయనకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. మగవాళ్లకు కొన్ని కనిపించవు!

పసుపు గుడ్డలో ఐదు దోసిళ్ల బియ్యం, దాంతో కలిపి పోసేవన్నీ పెట్టి మూట కట్టి, చీర కుచ్చిళ్ల లోపల నడుముకు చుట్టుకుంది. పెట్టెలో పెడితే అది సామాను, ఒంటి మీద ఉంటే అది ఒడి అని ఆమె లెక్క. దాచిపెడుతున్నానని ఆమె ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఒడిబియ్యాన్ని ఒళ్లో కాకుండా ఇంకెక్కడ తీసుకెళ్తారు?

విమానంలో పక్క సీటు విజయవాడ ఆవిడ కాగితం నింపి పెడుతూ "తినే వస్తువులేమైనా ఉన్నాయా అండీ?" అని అడిగితే, లేవంది. దిగాక వరుసలో నిలబడ్డప్పుడు ఒక కుక్క వచ్చి ఆమె కాళ్ల దగ్గర వాసన చూసి బుద్ధిగా కూర్చుంది. పాపం, ముద్దుగా ఉందనుకుంది. దాని వెనకాలే వచ్చిన చిన్న వయసు ఆఫీసరమ్మ ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లి, ఫోన్లో ఎవరో తెలుగు మాట్లాడే మనిషిని కలిపి మళ్లీ అడిగింది. "అమ్మా, మీ ఒంటి మీద గింజలు, ఆకులు ఏమైనా కట్టుకున్నారా? ఉంటే ఇప్పుడైనా చెప్పండి." ఇప్పుడైనా చెప్పండి అన్నారు... ఆ మాట ఆమె చెవిలో స్పష్టంగా పడింది. చెప్తే ఏం గాదని అల్లుడు చెప్పిన మాట కూడా గుర్తుంది. కానీ చెప్తే మూట విప్పి పడేస్తారు. బిడ్డ ఒళ్లో పడకుండా ఆ బియ్యం చెత్తబుట్టలో పడితే ఈ కడుపు కూడా... రెండు చేతులూ నడుము మీద అడ్డం పెట్టుకుని "ఏం లేదు" అంది.

తెలియక చేసింది ఒకటి, తెలిసి ఆడిన అబద్ధం ఒకటి. ఆ రెండోదానికే వీసా పోయింది. మూడేళ్ల వరకు మళ్లీ రాకూడదని కూడా చెప్పి పంపారు.

తల్లి ఇంటికొచ్చాక హర్షిణి ఆమెతో మాట్లాడలేదు. ఒకే ఒక్కసారి ఫోన్ తీసి, "గన్నిసార్లు చెప్తి కదమ్మా... నన్నెవరు చూస్తరిప్పుడు?" అని ఏడ్చి పెట్టేసింది. తర్వాత సందీప్ చేశాడు. హర్షిణికి బీపీ పెరిగిందనీ, మంచం దిగకూడదనీ, పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలనీ డాక్టర్ చెప్పిందట. "నాకు చుట్టీ దొరకది అత్తమ్మా. వర్క్‌షాప్‌లకు పోయినంక ఇంట్ల ఒక్కతే ఉంటది. పోయినసారి ఏమైందో నీకెర్కే గదా" అన్నాడు. అడగలేక అడిగినట్టు ఆగి, "మా అమ్మను రమ్మన్న. రానన్నది" అన్నాడు.

ఎందుకు రానందో నర్సింహమ్మకు తెలుసు. సందీప్ తల్లి దేవమ్మ బొల్లారంలో ఒక కంపెనీ గేటు దగ్గర లేడీ గార్డు. షిఫ్టు దిగి వెళ్లే ఆడవాళ్లు లోపలి వస్తువులేమైనా పట్టుకెళ్తున్నారేమోనని ఒళ్లు తడిమి చూసి బయటికి వదలడం ఆమె పని. వీసాలు వచ్చిన రోజు ఎవరు ముందు వెళ్లాలని మాటలు నడుస్తుంటే, "నా కొడుకు ఇంటికి నేను పోయేతందుకు వంతేంది?" అంది దేవమ్మ. నర్సింహమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "తొలి కాన్పు తల్లిగారిదే. గేటు కాడ ఆడోళ్ల ఒళ్లు తడిమేటామె బాలింతకేం చేస్తది?" అని చుట్టాలందరి ముందూ అనేసింది. దేవమ్మ తాగుతున్న చాయ్ కప్పు కింద పెట్టి లేచి వెళ్లిపోయింది. ఆ గడప మళ్లీ తొక్కలేదు.

"నేను పోతనయ్యా" అంది నర్సింహమ్మ మర్నాడు పొద్దున.

"యాడికి?"

"వదినె కాడికి. ఆమె ఇంటికి గాదు. డ్యూటీ కాడికే పోత. నేను అన్న మాట ఆ గేటు మీదనే. అక్కడనే అడుగుత."

షేర్ ఆటోలో బొల్లారం చేరేసరికి మొదటి షిఫ్టు దిగుతోంది. గేటు పక్కన గుడ్డ అడ్డం కట్టిన చిన్న గది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, చేతులు చాపి నిలబడి, బయటికి వచ్చి కంపెనీ బస్సు ఎక్కుతున్నారు. నీలం యూనిఫాం చీరలో దేవమ్మ కనిపించింది. వియ్యపురాలిని చూసింది, కానీ చూపు ఆపలేదు. చివరి మనిషి వెళ్లేదాకా తన పని తాను చేసుకుని, అప్పుడు వచ్చి "ఎండల నిలబడ్డవేంది వదినె? రా" అని రోడ్డుకు అవతల ఉన్న చాయ్ హోటల్ బల్ల దగ్గరికి నడిచింది.

కూర్చోగానే నర్సింహమ్మ కట్ట తెగినట్టు ఏడ్చింది. "నన్ను తిట్టు వదినె... నలుగుర్ల నిన్ను అంత మాటన్న. గా దేశంల నా ఒళ్లే తడిమి చూసిన్రు. చేతులు పైకి ఎత్తి నిలబడ్డ. మూట విప్పుతుంటే సచ్చిపోతే బాగుండు అనిపించింది."

దేవమ్మ రెండు చాయ్‌లు చెప్పి, "తడిమిన పిల్ల ఎట్లుండె?" అని అడిగింది.

ఆ ప్రశ్న నర్సింహమ్మ ఎదురుచూడలేదు. "చిన్న పిల్ల... మన హర్షిణి అంత ఉంటది. చేతులు వణుకుతుండె. సారీ, సారీ అనుకుంటనే చూసింది."

"కొత్తల నాకు గూడ వణికినయి" అంది దేవమ్మ. "దొరికినామె మొకం దిక్కు చూడబుద్ది గాదు వదినె. ఆ దినం నేను ఆమెను ఒక్క మాట అడగ. ఎందుకు తీసినవ్, ఎన్నిసార్లు తీసినవ్, ఏదీ అడగ. అడిగేటోళ్లు లోపల ఉంటరు, ఇంటికాడ ఉంటరు. నేను గూడ ఎందుకు? నిన్ను గూడ నేనేం అడగ."

సంగతి బయటపడ్డాక నాలుగు రోజులుగా ఊరూ, బంధువులూ అడుగుతూనే ఉన్నారు. ఎందుకు చేశావు, ఎట్లా చేశావు అని. తాను అందరి ముందూ తీసిపారేసిన మనిషి ఒక్కతే ఏమీ అడగనంటోంది! నర్సింహమ్మకు సిగ్గుతో తల వంగిపోయింది.

"నువ్వు అడగకున్న నేను అడుగుత వదినె" అంది, కళ్లు తుడుచుకుని. "నా బిడ్డ కాడికి పో. నీకు వీసా ఉన్నది. అది ఒంటరిగ ఉంటే నాకిక్కడ ముద్ద దిగుతలేదు."

"సందీప్ అడిగిండు. రానన్న."

"నా మీద కోపంతోనే గదా..."

"కోపం లేదంటే అబద్ధం. తొలి కాన్పు తల్లిగారిదని నువ్వే అంటివి. రేపు నా హక్కు గుంజుకున్నది అని నువ్వే అంటవ్."

"అనను. ఇస్తున్న. చూడు..." అని నర్సింహమ్మ లేచి, వచ్చేపోయే కార్మికులందరూ చూస్తుండగా కొంగు చాపింది. దేవమ్మ గబుక్కున ఆ రెండు చేతులూ పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది.

"గట్ల చెయ్యకు వదినె. నీ కొంగు చూసేతందుకు నేను రాననలే." ఆమె గొంతు తగ్గింది. "అసలు సంగతి చెప్పాల్నా? నాకు భయమైతుంది. నాకు ఒక్కడే కొడుకు. ఆడపిల్లను కనలే, పెంచలే. మా అమ్మ గూడ నా చిన్నప్పుడే పాయె. బాలింతకు ఏం చెయ్యాల్నో నాకు చేసినోళ్లు లేరు. హర్షిణి నాతోని రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు ఫోన్ సందీప్‌కు ఇస్తది. గా పిల్ల మనసు నాకెట్ల తెలుస్తది? నువ్వు అన్న మాట నిజమే అనిపించింది వదినె. అందుకే గంత నొప్పైంది."

కోపమని అనుకున్నది భయం అని తెలిశాక ఇద్దరి మధ్యా ఇంకేం మిగిలింది? చాయ్ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

"నేను చెప్త" అంది నర్సింహమ్మ. "అన్నీ చెప్త."

చెప్పింది. దేవమ్మ ప్రయాణానికి సిద్ధమయ్యేదాకా రోజూ ముత్తంగి వెళ్లి కూర్చుని చెప్పింది. చెప్తుంటే తెలిసింది ఆమెకు, బాలింత పథ్యం, పసిపిల్లకు నీళ్లు పోయడం చెప్పడం ఏమంత కష్టం కాదని. కష్టమైనవి వేరే ఉన్నాయి. "హర్షిణికి నొప్పైతే ఏడ్వది వదినె, కోపానికొస్తది. కసురుకుంటది. నువ్వు బాధ పడి అవతలికి పోకు, గప్పుడే దగ్గర ఉండాలె." "ఆకలైతుందని నోటితోని అడగది. వంటింట్లకు వచ్చి ఉత్తగ నిలబడ్తది, గంతే." "భయమైతే అరికాళ్లు సల్లబడ్తయి. మాట్లాడకుండ జెరసేపు పాదాలు పట్టుకో. నిద్రపోతది." ఒక్కొక్కటీ చెప్తుంటే తన ఇన్నేళ్ల తల్లితనాన్ని తనే మూట విప్పి ఇంకొకరికి అందిస్తున్నట్టు గుండె పీకేది. కొన్ని చెప్పకుండా తన దగ్గరే ఉంచుకుందామా అని కూడా ఒకసారి అనిపించింది. ఎందుకు అబద్ధం? అనిపించింది. దేవమ్మ కళ్లార్పకుండా వింటుంటే ఉంచుకోలేకపోయింది.

హర్షిణి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "అత్తమ్మ ముందు నేను గట్ల పడుకోలేనమ్మా. నాకు నువ్వే కావాలె" అని ఫోన్లో ఏడ్చింది. తల్లితో అలక మానింది కూడా ఆ ఏడుపులోనే.

నర్సింహమ్మ గొంతు గట్టిపరుచుకుంది. "నేను రాలేను బిడ్డా. నా చేతులార పోగొట్టుకున్న. నా తప్పుకు నువ్వు ఒంటరిగ ఉండొద్దు. ఆమె నీ కన్న ఎక్కువ భయపడుకుంట వస్తున్నది. జెర మంచిగ చూసుకో" అంది. ఆ మాటకు హర్షిణి ఏడుపులోనే చిన్నగా నవ్వింది.

దేవమ్మ వెళ్లింది. కాగితం మీద అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పి, వాళ్లు చూస్తామన్నవి చూపించి, సునాయాసంగా లోపలికి వెళ్లిపోయిందని సందీప్ ఫోన్ చేశాడు. నర్సింహమ్మ సంతోషించింది. సంతోషంలోనే లోపలెక్కడో కలుక్కుమంది. అంత సులువైన దానికి తాను ఎంత చేసుకుంది! ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. కూతురు మాట్లాడితే "అత్తమ్మ ఇది చేసింది, అత్తమ్మ అది వండింది" అంటుంటే ఊ కొట్టేది. ఫోన్ పెట్టాక కాసేపు ఏ పనీ తోచేది కాదు. యాదగిరి చూసీ చూడనట్టు ఉండేవాడు.

నెలలు నిండాక ఒక రోజు పొద్దున బియ్యం కడుగుతుండగా ఫోన్ మోగింది. దేవమ్మ. తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఎత్తింది.

"ఆడపిల్ల వదినె. తల్లీబిడ్డా ఇద్దరు మంచిగున్నరు. హర్షిణికి నిద్ర పట్టింది."

నర్సింహమ్మ గోడ పట్టుకుని అట్లాగే కింద కూర్చుండిపోయింది. యాదగిరి కంగారుగా దగ్గరికొచ్చి, ఆమె మొహం చూసి, సంగతి అర్థమై, రెండు చేతులూ పైకెత్తి ఎవరికో దండం పెట్టుకున్నాడు.

"వదినె, ఉన్నవా?" అంది దేవమ్మ. ఆమె గొంతు బెరుకుగా ఉంది. "నీకొక మాట చెప్పాలె. చెప్పకుంటే నాకు మనసొప్పుతలేదు. నొప్పులు గట్టిగైనప్పుడు హర్షిణి అమ్మా, అమ్మా అని ఒకటే పిలుసుడు. నన్ను గాదు. నన్నెప్పుడు అత్తమ్మే అంటది, నాకెర్కే. నిన్నే పిలిసింది. యాడున్నవమ్మా, యాడున్నవ్ అని అడుగుతుంటే... నాకు ఉండబట్టలే. ఈడనే ఉన్న బిడ్డా అని పలికిన. కండ్లు తెరవకుండనే నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. పిల్ల పుట్టేదాక ఇడువలే. నీ జాగల నేను పలికిన వదినె... తప్పైతే మాఫ్ చెయ్యి."

నర్సింహమ్మ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అవి దుఃఖమో, సంతోషమో ఆమెకే తెలియలేదు. కూతురు పిలిచింది తననే. ఆ పిలుపు అందుకున్నది తను కాదు. కానీ అడిగినప్పుడు బదులు లేకుండా తన బిడ్డ ఈసారి ఒక్కతే పడి లేదు.

"తప్పెట్లైతది వదినె?" అంది చివరికి. "నేను ఇక్కడికెంచి ఎంత మొత్తుకున్నా దానికి ఇనరాకపోవు. నువ్వు పలికినవ్, అది ఇన్నది. గంతే సాలు."

అవతల దేవమ్మ ముక్కు చీదుకోవడం వినిపించింది.

"ఇగ ఫోన్ పెట్టు" అంది నర్సింహమ్మ. "లేస్తే ఆకలైతుంటది. నోటితోని అడగది. నువ్వే ఏమన్న పెట్టు."